బి.పి. మిషను కొనేముందు చేయి కొలుచుకోండి

ఆరు నెలల తేడాలో ఇద్దరు మనుషులు నా దగ్గరకు వచ్చారు. ఇద్దరి ఇళ్లలోనూ బి.పి. మిషను వుంది. ఇద్దరూ రోజూ తప్పకుండా చూసుకునేవారే. అసలు చూపించుకోని వాళ్లకంటే వీళ్లు జాగ్రత్తపరులని వేరే చెప్పనక్కరలేదు. అయినా ఇద్దరికీ ఆ మిషన్ల మూలంగానే ముప్పు వచ్చింది.

మొదటి ఆయన బొగ్గు గనిలో పని చేసి రిటైరై, రెబ్బెన దగ్గర ఇల్లు కట్టుకున్న పెద్దమనిషి. దిట్టమైన శరీరం. పట్నంలో వుద్యోగం చేస్తున్న కొడుకు ప్రేమగా మిషను కొని పంపాడు. మిషను వచ్చిన రోజు నుంచీ ఆయనకు మనశ్శాంతి పోయింది. ఎప్పుడు చూసినా 165, 170. పొద్దున ఒక మాత్ర వేసుకోమని నేను రాసిస్తే ఆయన సొంతంగా రెండు చేశాడు. తర్వాత మూడు. ఒక తెల్లవారుజామున మంచం దిగి నాలుగడుగులు వేశాడో లేదో, కళ్లు తిరిగి స్నానాల గదిలో పడ్డాడు. తుంటి ఎముక విరిగింది.

“మిషను ఎక్కువ చూపెడ్తుంటే నేనేం చెయ్యాలె సార్? గోలీలు పెంచిన” అన్నాడు.

ఆ మిషను తెప్పించి చూశాను. మిషనులో లోపమేమీ లేదు. దానితో వచ్చిన పట్టీ మీద “22 నుంచి 32 సెం.మీ.” అని రాసి వుంది. ఆయన దండచేయి చుట్టుకొలత 41 సెంటీమీటర్లు! నేను పెద్ద పట్టీ చుట్టి చూస్తే, ఆయన మిషను చూపిన దానికంటే 18 తక్కువ వచ్చింది. లేని రక్తపోటుకు ఆయన మందు మింగుతూ వచ్చాడన్న మాట.

రెండో ఆమె కాగజ్‌నగర్ నుంచి వచ్చింది. అరవై దాటిన ఇల్లాలు. ఆమెది మణికట్టుకు గడియారంలా కట్టుకునే మిషను. కళ్లద్దాలు వెతుక్కునే ఓపిక లేక, బొత్తాం నొక్కి చేతిని కళ్లెదుట పెట్టుకుని అంకెలు చూసేది. రోజూ 124, 126. “మంచిగనే వున్నది గద, ఇంక గోలీలు ఎందుకని బంద్ పెట్టిన” అని తర్వాత చెప్పింది. ఎప్పుడు చెప్పింది? కుడిచేయి పడిపోయి, మాట ముద్దయి, ఆసుపత్రిలో చేరి, మళ్లీ నోరు తిరిగిన తర్వాత! ఇప్పుడు చేయి వచ్చింది గానీ, మాట ఇంకా తడబడుతూనే వుంది.

ఒకరికి మిషను ఎక్కువ చూపింది, ఒకరికి తక్కువ చూపింది. అందుకే, “ఏ మిషను కొనమంటారు డాక్టరు గారూ?” అని అడిగే వాళ్లందరికీ నేను చెప్పే మొదటి మాట ఒక్కటే. దుకాణానికి వెళ్లేముందు దర్జీ టేపుతో మీ చేయి కొలుచుకోండి.

ఇంట్లో మిషను అవసరమా?

అవసరమే. ఆసుపత్రిలో ఒక్కసారి చూసిన అంకె మీద ఆధారపడితే రెండు విధాల పొరపాటు జరుగుతుంది. కొందరికి డాక్టరును చూడగానే గుండె దడ మొదలై రక్తపోటు పెరుగుతుంది. ఇంటికి పోతే మామూలే. మరికొందరికి ఇందుకు వ్యతిరేకం. మా దగ్గర బాగానే వుంటుంది, ఇంటి దగ్గర, పని దగ్గర ఎక్కువగా వుంటుంది. ఈ రెండో రకం ప్రమాదకరమైనది. ఎందుకంటే దాన్ని ఎవరూ కనిపెట్టలేరు. రక్తపోటుకు నొప్పి లేదు, జ్వరం లేదు. అది లోలోపలే గుండెను, మెదడును, మూత్రపిండాలను, కంటి నరాలను దెబ్బ తీస్తుంది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 ఏళ్లు దాటిన మగవారిలో నూటికి 24 మందికి, ఆడవారిలో 21 మందికి రక్తపోటు ఎక్కువగా వుండడమో, దాని కోసం మందు వాడుతూ వుండడమో కనిపించింది.

ఇప్పటికే మాత్రలు వాడుతున్నవారు, షుగరు లేక మూత్రపిండాల జబ్బు వున్నవారు, ఒకసారి పక్షవాతం వచ్చి తగ్గినవారు, ఆసుపత్రిలో చూసినప్పుడల్లా అంకె అటూ ఇటూ మారుతున్నవారు ఇంట్లో మిషను పెట్టుకోవడం మంచిది. ఏ జబ్బూ లేని పాతికేళ్ల కుర్రాడు రోజూ చూసుకోనక్కరలేదు. చీటికీ మాటికీ కంగారు పడేవారి చేతికి మిషను ఇవ్వకుండా ఇంట్లో మరొకరు చూడడం మేలు.

కొనే స్తోమతు లేనివారు చిన్నబుచ్చుకోవద్దు. పల్లె దవాఖానాలోనూ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ ఉచితంగా చూస్తారు, మాత్రలూ ఉచితంగానే ఇస్తారు. 2017 నవంబరులో దేశంలోని 5 రాష్ట్రాల్లో రక్తపోటు అదుపు కార్యక్రమం మొదలైనప్పుడు ఆ అయిదింటిలో తెలంగాణ కూడా వుంది. వాడని మిషను బీరువాలో వుండడం కంటే నెలకోసారి నర్సమ్మ దగ్గర చూపించుకోవడం వేయి రెట్లు నయం.

ఎన్ని రకాలు?

పాదరసం గీత పైకి కిందకి కదిలే పాత పెట్టె అందరికీ తెలిసిందే. ఇటలీ డాక్టరు రివా-రోచి 1896లో చేతికి పట్టీ చుట్టి పాదరసంతో కొలిచే పద్ధతి చెప్పాడు. 1905లో రష్యా డాక్టరు కొరట్కాఫ్ స్టెతస్కోపుతో చప్పుళ్లు వినే పద్ధతి దానికి జోడించాడు. మేం కాలేజీలో నేర్చుకున్నది అదే. కానీ పాదరసం విషం. గాజు గొట్టం పగిలితే ఆవిరై ఇల్లంతా వ్యాపిస్తుంది. 2013 నాటి మినమాటా ఒప్పందంతో ప్రపంచమంతటా వీటిని తగ్గిస్తూ వస్తున్నారు, మన దేశం 2018లో ఆ ఒప్పందాన్ని ఆమోదించింది. ఎవరైనా చవకగా ఇస్తామన్నా ఇంటికి తెచ్చుకోవద్దు.

గడియారం ముల్లులాంటిది వుండే మిషను రెండో రకం. దానికి స్టెతస్కోపు కావాలి, పట్టిన చెవి కావాలి. ఒక్కసారి కింద పడితే ముల్లు దారి తప్పుతుంది. సొంతంగా చూసుకునే వారికి అది పనికిరాదు.

మూడోది, బొత్తాం నొక్కితే తనంతట తానే గాలి నింపుకుని అంకెలు చూపే మిషను. ఇది చప్పుళ్లు వినదు. పట్టీలోని గాలి మెల్లగా తగ్గుతున్నప్పుడు రక్తనాళం కొట్టుకునే అదురును పసిగట్టి, దాన్నిబట్టి పై అంకెను, కింది అంకెను లెక్క కడుతుంది. మోచేతికి పైన, దండచేతికి చుట్టుకునేది కొనండి. ఇళ్లకు సరైనది అదే.

మణికట్టు మిషను చిన్నదిగా, అందంగా వుంటుంది. కానీ పట్టీ గుండె ఎత్తుకు 10 సెంటీమీటర్లు పైన వుంటే అంకె 7, 8 దాకా తగ్గుతుంది. కింద వుంటే అంతే పెరుగుతుంది. కాగజ్‌నగర్ ఇల్లాలు కళ్లెదుట పెట్టుకుంటే గుండె కంటే జానెడు పైన వున్నట్టే కదా! ఆమె అసలు రక్తపోటు 140 దాటి వుంటుందని మీరే లెక్క వేసుకోవచ్చు. దండచేతికి ఏ పట్టీ సరిపోని వారికి తప్ప, మణికట్టు మిషను నేను సిఫారసు చేయను.

వేలికి తొడిగేవి, పట్టీ లేకుండా చేతి గడియారంతోనో, సెల్‌ఫోను మీద వేలు పెట్టో బి.పి. చెబుతామనేవి కూడా బజారులో వున్నాయి. వాటిని నమ్ముకుని మందు మార్చుకోవద్దని ప్రపంచంలోని రక్తపోటు నిపుణుల సంఘాలు హెచ్చరిస్తున్నాయి.

అసలు కీలకం పట్టీలో వుంది

మిషను ఖరీదు చూస్తాం, కంపెనీ పేరు చూస్తాం, తెర ఎంత పెద్దదో చూస్తాం. పట్టీని ఎవరూ చూడరు. పట్టీ చేతికి చిన్నదైతే రక్తపోటు ఉన్నదాని కంటే ఎక్కువగా, పెద్దదైతే తక్కువగా కనిపిస్తుంది. ఇది కొత్త సంగతి కాదు. రివా-రోచి వాడిన పట్టీ మరీ సన్నదని, దానివల్ల అంకె ఎక్కువ వస్తోందని 1901లోనే రెక్లింగ్‌హౌజెన్ అనే జర్మను డాక్టరు కనిపెట్టి వెడల్పు పట్టీ తయారు చేశాడు. నూట ఇరవై ఏళ్లు దాటినా మనం అదే పొరపాటు చేస్తున్నాం!

2023లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం వారు 195 మంది మీద ఈ సంగతి పరీక్షించారు. అన్నింటికంటే పెద్ద పట్టీ కావలసిన వారికి మామూలు పట్టీ చుడితే పై అంకె సగటున 19.5 ఎక్కువ వచ్చింది. పెద్ద పట్టీ కావలసిన వారికి సుమారు 5 ఎక్కువ, చిన్న పట్టీ కావలసిన వారికి 3, 4 తక్కువ వచ్చింది. మా రిటైరైన పెద్దమనిషికి వచ్చిన 18 తేడాకు కారణం ఇదే.

ఆ చివరి మాట మా ప్రాంతానికి బాగా వర్తిస్తుంది. కెరమెరి, తిర్యాణి, జైనూరు గుట్టల నుంచి నా దగ్గరకు వచ్చే గోండు, కోలాం తల్లుల చేతులు చాలామందికి 20, 21 సెంటీమీటర్లకు మించవు. వాళ్లకు బజారులో దొరికే మామూలు పట్టీ వదులవుతుంది, వున్న రక్తపోటు కొంత దాగిపోతుంది. బక్కమనిషికి బి.పి. రాదనుకోవడం ఎంత పొరపాటో, బక్కచేతికి ఏ పట్టీ అయినా చాలుననుకోవడమూ అంతే పొరపాటు.

చేయి కొలిచే విధానం సులువు. చేయి వదులుగా వేలాడనివ్వండి. భుజం మీది ఎముక నుంచి మోచేయి దాకా వున్న దూరంలో సరిగ్గా సగం దగ్గర టేపు చుట్టండి. బిగించవద్దు. టేపు లేకపోతే దారం చుట్టి, దాన్ని పిల్లల స్కేలు మీద పెట్టి చూసుకోండి. ఆ అంకె కాగితం మీద రాసుకుని దుకాణానికి వెళ్లండి. 22 నుంచి 32 మధ్య అయితే మామూలు పట్టీ చాలు. 32 దాటితే పెద్దది అడగండి. 22 నుంచి 42 దాకా సరిపడేవీ దొరుకుతున్నాయి, ఇంట్లో నలుగురికీ వాడాలంటే అవి నయం. 22 లోపు అయితే చిన్న పట్టీ విడిగా దొరికే మోడలే కొనాలి. ఒక కంపెనీ పట్టీ మరొక కంపెనీ మిషనుకు తగిలించకండి. గొట్టం పట్టినా లెక్క కుదరదు.

దుకాణంలో ఏం చూడాలి?

మొదటిది, ఆ మోడలు పరీక్షకు నిలిచినదా? అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం కనీసం 85 మంది మీద, అనుభవమున్న ఇద్దరు పరీక్షకులు స్టెతస్కోపుతో చూసిన అంకెలతో పోల్చి నిగ్గు తేల్చాలి. ఇలా నెగ్గిన మోడళ్ల జాబితాను “స్ట్రైడ్ బి.పి.” అనే అంతర్జాతీయ సంస్థ ఉచితంగా అందుబాటులో వుంచింది. మీ ఇంట్లో చదువుకునే పిల్లల చేత సెల్‌ఫోనులో వెతికించండి. కంపెనీ పేరు ఒక్కటే చాలదు, పెట్టె మీది మోడలు నెంబరు కలవాలి. ఒకే కంపెనీ మిషన్లలో ఒకటి నెగ్గి మరొకటి అసలు పరీక్షకే వెళ్లకపోవచ్చు.

రెండోది, పెట్టె మీద తయారీ లేక దిగుమతి లైసెన్సు నెంబరు, గ్యారంటీ కాలం, మరమ్మతు ఎక్కడ చేస్తారన్న వివరం వున్నాయా? బిల్లు తీసుకోండి. ఆసిఫాబాద్‌లో కొన్న మిషను బాగు చేయించడానికి హైదరాబాదు పంపాలంటే ఎవరికి ఓపిక?

మూడోది, అంకెలు పెద్దవిగా, కళ్లద్దాలు లేకపోయినా కనబడేలా వున్నాయా? పాత అంకెలు దాచుకునే సదుపాయం వుంటే మంచిదే. ఫోనుకు కలపడం, మాట్లాడడం, రంగుల దీపాలు, వీటికి అదనంగా డబ్బు పోయనక్కరలేదు. సుమారు పదిహేను వందల నుంచి మూడు వేల లోపు మంచి మిషను వస్తుంది. ఆ పైన పెట్టే డబ్బుతో రక్తపోటు మరింత కచ్చితంగా ఏమీ తెలియదు.

కొన్న వారంలోనే మిషనును మీ డాక్టరు దగ్గరకు తీసుకుపోండి. అదే చేతికి ఒకసారి మీ మిషను, ఒకసారి ఆసుపత్రి మిషను, మార్చి మార్చి చూడమనండి. తేడా 5 లోపు వుంటే నిశ్చింతగా వాడుకోవచ్చు. 10 దాటితే పట్టీ చూడాలి, అప్పటికీ మారకపోతే మిషను మార్చాలి. ఏడాదికోసారి ఇలా సరిచూసుకోండి.

గుండె లయ తప్పి కొట్టుకునే వారికి ఈ మిషన్లు ఒక్కోసారి ఒక్కో అంకె చూపుతాయి. వారు మూడుసార్లు చూసి సగటు తీయాలి. గర్భిణులకు అన్ని మిషన్లూ పనికిరావు, గర్భిణుల మీద పరీక్షించిన మోడలే కావాలి. మిషను ఏం చెప్పినా సరే, గర్భిణికి తలనొప్పి, కళ్లు మసకబారడం, ముఖం వాపు, కడుపు పై భాగంలో నొప్పి వుంటే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

చూసుకునే పద్ధతి

మంచి మిషనుతోనూ చెడ్డ అంకె తెచ్చుకోవచ్చు. ఈ నియమాలు కాగితం మీద రాసి మిషను పెట్టెలో పెట్టుకోండి.

1. అరగంట ముందు నుంచీ టీ, కాఫీ, బీడీ, సిగరెట్టు ముట్టవద్దు. అంగడి నుంచి నడిచి వచ్చీ రాగానే చూసుకోవద్దు. మూత్రానికి వెళ్లి వచ్చి కూర్చోండి.

2. వీపుకు ఆనుడు వుండే కుర్చీలో అయిదు నిమిషాలు ఊరికే కూర్చోండి. పాదాలు నేలకు ఆనాలి. కాలు మీద కాలు వేసుకుంటే అంకె పెరుగుతుంది.

3. చేయి బల్ల మీద, పట్టీ గుండె ఎత్తులో వుండాలి. ఒళ్లో పెట్టుకున్నా, పక్కకు వేలాడేసినా అంకె ఎక్కువ వస్తుంది. బల్ల తక్కువ ఎత్తుగా వుంటే చేతికింద దిండు పెట్టండి.

4. చొక్కా లేక రవిక చేతి మీద పట్టీ చుట్టవద్దు. చేయి పైకి మడిచి బిగుతుగా వుంచుకోవడమూ తప్పే. పట్టీ కింది అంచు మోచేతి మడతకు రెండు వేళ్లు పైన వుండాలి.

5. మాట్లాడవద్దు. పక్కవాళ్లనూ మాట్లాడించవద్దనండి. ఒక్క మాటకే అంకె పది దాకా పెరగవచ్చు.

6. మొదటిరోజు రెండు చేతులకూ చూడండి. ఏ చేతికి ఎక్కువ వస్తే ఎప్పుడూ ఆ చేతికే చూసుకోండి. రెండింటి మధ్య తేడా ప్రతిసారీ పది దాటుతుంటే డాక్టరుకు చెప్పండి.

మా జిల్లావారికి ఇంకొక్క మాట. చలికాలంలో సిర్పూర్ (యు), గిన్నెధరి వైపు చలి ఎలా వుంటుందో తెలిసిందే. చలికి రక్తనాళాలు ముడుచుకుని రక్తపోటు పెరుగుతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో వాకిట్లో కూర్చుని చూసుకోకండి. ఇంట్లో, వెచ్చగా కూర్చుని చూసుకోండి.

ఒక్క అంకెను నమ్మకండి

డాక్టరు దగ్గరకు వెళ్లేముందు ఏడు రోజులు చూసుకోండి. పొద్దున మాత్ర వేసుకోక ముందు, టిఫిను చేయక ముందు రెండుసార్లు, రాత్రి పడుకునేముందు రెండుసార్లు. రెండింటి మధ్య ఒక నిమిషం ఆగండి. వచ్చినదల్లా నోటుపుస్తకంలో రాయండి. నచ్చని అంకె వదిలేసి నచ్చిన అంకె రాయడం చాలామందికి అలవాటు. అది డాక్టరును కాదు, మిమ్మల్ని మీరే మోసం చేసుకోవడం. మొదటి రోజు అంకెలు తీసేసి మిగిలిన ఆరు రోజుల 24 అంకెల సగటు కట్టండి. ఆసుపత్రిలో 140/90 మనకు హద్దు. ఇంట్లో ఆ హద్దు 135/85. సగటు అంతకు చేరినా, దాటినా డాక్టరు చూడాలి. తర్వాత అంతా అదుపులో వుంటే వారానికి ఒకటి రెండు రోజులు చూసుకుంటే చాలు. గంటగంటకూ చూసుకుంటే ఆ భయానికే పెరుగుతుంది.

ఒకసారి ఎక్కువ వచ్చిందని మాత్ర పెంచవద్దు, తక్కువ వచ్చిందని ఆపవద్దు. మాత్ర వేసుకుంటున్నారు కనుకనే అంకె బాగుంది, ఆ సంగతి మరచిపోకండి. 180/120 కనిపిస్తే అయిదు నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. అప్పటికీ అంతే వుంటే అదే రోజు డాక్టరును కలవండి. దానితోపాటు ఛాతీలో నొప్పి, ఆయాసం, మూతి వంకర, చేయి కాలు పట్టు తప్పడం, మాట తడబడడం, చూపు పోవడం వుంటే ఇక మిషను పక్కన పెట్టి 108కి ఫోను చేయండి. పక్షవాతం లక్షణాలు కనిపిస్తే అంకె ఎంత వుందని చూస్తూ కూర్చోనక్కరలేదు. ప్రతి నిమిషమూ విలువైనదే.

మా పెద్దమనిషి ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. కొడుకు పెద్ద పట్టీ తెప్పించాడు. రోజుకు ఒక్క మాత్రతోనే రక్తపోటు అదుపులో వుంది. కాగజ్‌నగర్ ఇల్లాలు మణికట్టు మిషను మనవడికి ఆటవస్తువుగా ఇచ్చేసి, దండచేతి మిషను కొనుక్కుంది. నెలనెలా నోటుపుస్తకం పట్టుకుని వస్తుంది. ఆ అంకెలు ఆమె రాసినవి కావు, మనవరాలు రాసినవి. కుడిచేతితో ఆమెకు ఇంకా అక్షరం కుదరడం లేదు. మిషను కొనాలనుకున్న రోజున ఆ నోటుపుస్తకం ఒక్కసారి గుర్తు చేసుకోండి. తర్వాత దర్జీ టేపు తీసి చేయి కొలుచుకోండి.